‘మెప్పు కోసం’ అన్న మాట

నా భార్యకి ఇంకో మగాడితో ఏదో ఉందని నాకు అనుమానం పుట్టింది ఆమె నవ్వు వల్ల.

కొరీన్‌ది పెద్ద నవ్వు. పక్కింటివాళ్లు కిటికీ మూసుకునేంత నవ్వు. పదహారేళ్లుగా నాకది అలవాటు. పోయినేడు ఫిబ్రవరిలో ఇంకో రకం నవ్వు మొదలైంది. ఫోన్ చూసుకుంటూ, పెదాలు బిగించి, ముక్కుతో నవ్వేది. నేను గదిలోకి వస్తే చటుక్కున ఆపేదీ కాదు. ఆపి ఉంటే ఏంటని అడిగేవాణ్ణి. అడక్కముందే “ఏం లేదు, పని సంగతి,” అని నవ్వుతూనే ఉండేది. నేను కాఫీ పోసుకుని బయటికొచ్చేసేవాణ్ణి.

తర్వాత గురువారాలు వచ్చాయి. గురువారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో ఉండేది కాదు. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. మార్చిలో ఆకుపచ్చ కోటు ఒకటి కొంది. పాత కోటు ఏం పాపం చేసిందో నాకు అర్థం కాలేదు.

నేను ఈర్ష్య మనిషిని. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. పెళ్లికి ముందు కొరీన్ ఇంకొకడితో రెండేళ్లు ఉన్నది ఫిలడెల్ఫియాలో. రైలు ఆ ఊరు దాటేటప్పుడు నేనిప్పటికీ కిటికీలోంచి చూడను.

ఇక నా ఉద్యోగం. గొడవంతా దాంట్లోంచే వచ్చింది. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకి చెందిన ఒక సబ్‌కమిటీలో నేను లాయర్ని. ఉపన్యాసాలు సభ్యులిస్తారు, చట్టంలో మాటలు మేం రాస్తాం. అప్పటికి రెండేళ్లుగా ఒకే బిల్లు రాస్తున్నాను. మన మంచి కోరని ప్రభుత్వాల తరఫున ఈ ఊళ్లో పైరవీలు చేసేవాళ్లని కట్టడి చేసే బిల్లు. పాత చట్టం ఒకటుంది. పరాయి ప్రభుత్వం పని చేసిపెట్టేవాడు ఆ సంగతి నమోదు చేసుకోవాలి, ఎవరిని కలిశాడో, ఏం మాట్లాడాడో రాసి ఇవ్వాలి. కాని దానికి అన్నీ చిల్లులే. ప్రభుత్వానికి ముందు ఒక కంపెనీ, కంపెనీకి ముందు ఒక స్నేహ సంఘం, దానికి ముందు ఒక పెద్దమనిషి. ఇన్ని తెరలు దాటి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. మా బిల్లు ఐదు దేశాల పేర్లు చెప్పి, ఆ ఐదింటి విషయంలో తెరలన్నీ తీసెయ్యాలంటుంది. ఆ ఐదిట్లో ఒక దేశానికే ఈ కథతో సంబంధం. దాని పేరు నేను రాయను.

కొరీన్ పాత్రికేయురాలు. సంపాదకీయం పేజీ చూసేది. ఆ పత్రిక మూతపడి అప్పటికి నాలుగేళ్లయింది. తర్వాత ఇంట్లోనే కూర్చుని సంఘాలకీ సంస్థలకీ వ్యాసాలు రాసిపెట్టేది. ‘పళ్ల రసాల ఉత్పత్తిదారుల అభిప్రాయం’ లాంటివి. ఒకప్పుడు సెనేటర్లు ఆమె ఫోన్ కోసం ఎదురుచూసేవాళ్లు. ఆ పత్రిక పోయాక ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను ఎత్తకపోవడం మర్యాద అనుకున్నాను.

విచిత్రం ఏంటంటే, నేను ఇంత అనుమానంతో కాలిపోతున్న ఆ నెలల్లోనే మా కాపురం ఎన్నడూ లేనంత బాగుంది. నేను ఇంటికొచ్చేసరికి కొరీన్ వంటగదిలో ఉండేది. కుర్చీ లాగి నాకెదురుగా కూర్చునేది. “ఇవాళ ఏమైంది చెప్పు,” అనేది. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆ మాట నన్ను ఎవరూ అంత ఇష్టంగా అడగలేదు. నేను చెప్పేవాణ్ణి. సెక్షన్లు, కామాలు, ఎవరు ఏ మాట మీద పట్టుబట్టారో, అన్నీ. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. మధ్యలో అడిగే ప్రశ్నలు నా పైవాళ్లకి కూడా తట్టేవి కాదు. కాబట్టి నేనిలా అనుకునేవాణ్ణి: గురువారం తప్పు చేస్తోంది, మిగిలిన ఆరు రోజులూ ప్రాయశ్చిత్తం చేసుకుంటోంది. అలా అనుకుంటూనే రోజూ సాయంత్రం పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి.

మే నెలలో ఒక సాయంత్రం.

“ఎంతవరకొచ్చింది లాయరు గారూ?” అంది, నా పళ్లెంలో బంగాళదుంపలు వేస్తూ.

“నాలుగో సెక్షన్ దగ్గరే చచ్చాను. ‘ఆ ప్రభుత్వం ఆజ్ఞ మీద గాని, కోరిక మీద గాని పనిచేసేవారు’ అని రాశాం. తెలివైనవాడికి ఎవడు ఆజ్ఞ ఇస్తాడు? ఎవడు కోరతాడు? వాళ్లకేం కావాలో వాడే కనిపెట్టి చేసేస్తాడు. వాణ్ణెలా పట్టుకోవాలి?”

“నువ్వే చెప్పు.”

నాకప్పుడే తట్టింది. “‘దాని మెప్పు కోసం’ అని కలిపితే? ఆజ్ఞ మీద, కోరిక మీద, లేదా దాని మెప్పు కోసం.”

కొరీన్ నవ్వింది. ఆ పెద్ద నవ్వే. “బాగుంది! ఊరందరినీ నమోదు చెయ్యండిక. ఈ ఊళ్లో ఎవడయ్యా ఒకరి మెప్పు కోసం కాకుండా చేసేది? నువ్వు చెయ్యట్లేదూ, మీ పెద్ద లాయరు రాబర్టా మెప్పు కోసం?”

“నీ మెప్పు కోసం చేస్తాను.”

“అయితే నన్ను ఆరో దేశంగా రాసుకో,” అంది.

ఆ మాట నా జేబు పుస్తకంలో రాసుకున్నాను. పొద్దున్నే మెట్రోలో కూర్చుని చూస్తే కోర్టులో ఒక్క రోజు నిలవదనిపించింది. కొట్టేశాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి గురువారం పంటి డాక్టర్ దగ్గరికని చెప్పి ఆఫీసులోంచి బయటపడ్డాను. ఇల్లు దాటి వీధి మొగలో నిలబడ్డాను. కొరీన్ వచ్చింది. ఎండగానే ఉంది, అయినా ఆకుపచ్చ కోటే. స్టేషన్ దాకా వెనకే నడిచాను, నలభై తొమ్మిదేళ్ల వయసులో, చేతిలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని. స్టేషన్ అవతల ఒక పాత హోటలుంది. వీధివైపు పెద్ద అద్దాలు. ఆమె లోపలికెళ్లి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. అతను అప్పటికే అక్కడున్నాడు. లేచి నిలబడ్డాడు. ఆమె కూర్చునేదాకా కూర్చోలేదు.

అతన్ని నేనెరుగుదును. డెస్మండ్ ఫెరెల్. పాతికేళ్లు రాయబార కార్యాలయాల్లో పనిచేసి రిటైరయ్యాడు. రెండుసార్లు మా కమిటీ ముందుకొచ్చి దౌత్యం గురించి ఎంతో చక్కగా మాట్లాడాడు. అరవై దాటినా మనిషి నిటారుగా ఉంటాడు. జుట్టు తెల్లగా మెరుస్తుంటుంది. భార్య పోయింది. ఆదివారాలు అనాపొలిస్‌లో పడవ నడుపుతాడు.

కొరీన్ మాట్లాడుతోంది. చేతులు తిప్పుతూ, కళ్లు పెద్దవి చేస్తూ. పత్రికలో ఉన్న రోజుల్లో అలా మాట్లాడేది. అతను వింటున్నాడు. మధ్యలో ఒక చిన్న పుస్తకం తీసి, ఆమె అన్నదేదో రాసుకున్నాడు. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఉంటే నాకంత మండేది కాదు. నా భార్య నోటి మాట ఒక మగాడు రాసుకుంటున్నాడు. పదహారేళ్లలో నేను ఆమె చెప్పింది ఏదైనా రాసుకున్నానా? సామాన్ల చీటీ తప్ప.

“టాక్సీ కావాలా సార్?” అన్నాడు హోటల్ ద్వారపాలకుడు. చాలాసేపట్నుంచి నన్ను చూస్తున్నాడు కాబోలు. సిగ్గేసి అవునన్నాను. టాక్సీ ఎక్కి రెండు వీధులు పోయి దిగిపోయాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగాను. “మధ్యాహ్నం ఏం తిన్నావు?”

“సూపు.”

నేను నా కళ్లతో చూశాను. క్రాబ్ కేకులు తింది, రెండు. నా గుండె అంత నీరుగారిపోవడానికి పీత మాంసం చాలింది. పీతల విషయంలో అబద్ధం చెప్పిన మనిషి ఇంకేం చెప్పదు?

వేసవంతా అలా గడిచింది. ఎవరినీ ఏమీ అడగలేదు. అతనిలా తెల్ల చొక్కాలు నాలుగు కొన్నాను, టై కట్టుకోవడం మానేశాను. పడవ నడపడం నేర్పే బడి కాగితాలు తెప్పించుకున్నాను. కొరీన్ చూసి, “నీటిని చూస్తే నీకు కళ్లు తిరుగుతాయి కదయ్యా,” అంది. మా పెద్ద లాయరు రాబర్టా క్విల్‌ని మాటల మధ్యలో అడిగినట్టు అడిగాను. “ఆ డెస్మండ్ ఫెరెల్ ఇప్పుడేం చేస్తున్నాడు?”

రాబర్టాకి అరవై ఒకటి. ఈ ఊళ్లో ఎనిమిదిమంది సభాపతులు మారడం చూసింది. “ఏదో ‘తీరాల స్నేహ వేదిక’ నడుపుతున్నాడు. సంగీత కచేరీలు, విందులు. అందగాడే. ఏం?”

“ఊరికే.”

“ఊరికే అడిగేవాడు తలుపేసి వచ్చి అడగడు ఆల్డెన్,” అంది. అంతటితో వదిలేసింది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆరో సెక్షన్ గురించి కొరీన్‌కి రెండు గంటలు చెప్పాను. పైరవీకారుడు లాయరైతే పాత చట్టంలో నమోదు అక్కర్లేదు. ఆ మినహాయింపు తీసెయ్యాలా, ఉంచాలా అన్నది బిల్లు మొత్తానికీ ప్రాణం. మేం ఎలా తీసెయ్యబోతున్నామో అంతా చెప్పాను. చెప్పి చెప్పి ఎందుకో ఆగిపోయాను. “నేను రాసినవి పదకొండేళ్లలో ఒక్కటీ చట్టం కాలేదు కొరీన్,” అన్నాను. “ఇదీ కాకపోతే నేనిక్కడ ఏం చేసినట్టు?” ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. కళ్లు తుడుచుకున్నాను. ఆమె లేచొచ్చి నా తల తన కడుపుకి ఆనించుకుంది. నేను మాత్రం, ఆ కడుపుకి ఆనుకుని, అతను వేరే సబ్బు వాడతాడేమో, ఆ వాసనేమైనా వస్తుందేమో అని చూస్తున్నాను. అలాంటివాణ్ణి నేను.

అక్టోబరు మొదటి సోమవారం రాబర్టా మా నలుగుర్నీ పిలిచింది. చేతిలో ఒక ఉత్తరం. తీరాల స్నేహ వేదిక పంపింది. బిల్లులో తమకున్న అభ్యంతరాలు పన్నెండు పేజీలు రాశారు.

“నాలుగో పేజీ చూడండి,” అంది. “‘ఒక ప్రభుత్వం మెప్పు కోసం పనిచేసేవారు అన్న మాట పౌరుల వాక్స్వాతంత్ర్యాన్ని దెబ్బతీస్తుంది’ అంటున్నారు. ‘మెప్పు కోసం’ అన్న మాట మన డ్రాఫ్టులో ఎక్కడుంది? ఎవరు రాశారు?”

ఎవరూ రాయలేదన్నారు. పాత డ్రాఫ్టులన్నీ తిరగేశారు. ఎక్కడా లేదు.

“లేని మాటని ఎవడైనా ఖండిస్తాడా?” అంది రాబర్టా.

ఆ మాట ప్రపంచంలో రెండే చోట్ల ఉంది. కొట్టేసిన గీత కింద నా జేబు పుస్తకంలో. మా వంటింటి బల్ల దగ్గర.

బయట నడవలోకి వచ్చాక నాకు మొదట కలిగింది ఏమిటో దాచకుండా చెప్తాను. సంతోషం. గోడకి ఆనుకుని నవ్వాను. అది ప్రేమ కాదు! నా భార్య అతన్ని కోరుకోవట్లేదు. అతనికి పనిచేస్తోంది, అంతే. ఆ వేదిక వెనక ఎవరున్నారో మా అందరికీ అనుమానమే, రుజువు లేదంతే. ఆ రుజువు నా ఇంట్లో తిరుగుతోంది. నా బిల్లు, నా ఉద్యోగం, నా దేశం, వీటిలో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. ఆమె అతనితో పడుకోలేదు అన్నదొక్కటే బుర్రలో గంట కొట్టినట్టు మోగింది.

ఆ సంతోషం మెట్రో స్టేషన్ దాకా ఉంది. ఎస్కలేటర్ దిగుతుండగా అసలు సంగతి తగిలింది. “ఇవాళ ఏమైంది చెప్పు.” ఆ కుర్చీ లాక్కోవడం. గడ్డం కింద చెయ్యి. ఆ ప్రశ్నలు. అవి నా కోసం కాదు. నా పదహారేళ్ల కాపురంలో మేలైన ఏడు నెలలు, ప్రతి సాయంత్రం, ఆ బల్ల దగ్గర నేను కూర్చున్నది అతని కోసం. గురువారాలు ఒక్కటే అతనివనుకున్నాను. మిగిలిన ఆరు రోజులూ అతనివే.

ఇంటికెళ్లేసరికి కొరీన్ ఉల్లిపాయలు తరుగుతోంది. కుర్చీ లాగబోయింది.

“కూర్చోకు,” అన్నాను. “‘మెప్పు కోసం’ అన్న మాట ఫెరెల్‌కి నువ్వే చెప్పావా?”

కత్తి కింద పెట్టింది. “చెప్పాను.”

“అతను ఎవరి మనిషో తెలుసా?”

“స్నేహ వేదిక మనిషి.”

“కొరీన్!”

“తెలుసు. తెలియదు. అడగలేదు. అడిగితే తెలిసిపోయేది, అందుకని అడగలేదు. నేను పత్రికలో ఉండగా ఇలాంటివాణ్ణి ఒక్క పూటలో పట్టుకునేదాన్ని. ఇప్పుడు కళ్లు మూసుకోవడం కూడా అంత బాగానే వచ్చు.”

“గురువారాలన్నీ అదేనా?”

“గురువారాలు తెలుసా నీకు?” కళ్లు పెద్దవి చేసింది. “ఎప్పట్నుంచి?”

“మే నుంచి. క్రాబ్ కేకులు తిన్నావు. సూపన్నావు.”

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. “నా వెనక వచ్చావా? ఐదు నెలలు తెలిసీ ఒక్క మాట అడగలేదా? ఏమనుకున్నావు, అతనూ నేనూ…” ఆగి, నవ్వింది. ఆ నవ్వులో ఏడుపుంది. “అయ్యో ఆల్డెన్. అదే అయ్యుంటే బాగుండేది కదూ నీకు?”

“అతన్లో ఏముంది? అది చెప్పు.”

“అడుగుతాడు. అంతే. ‘మీరేమనుకుంటున్నారు కొరీన్? ఈ పేరా మీరైతే ఎలా రాస్తారు?’ అని అడుగుతాడు. అడిగి రాసుకుంటాడు. నాలుగేళ్లలో నా అభిప్రాయం అడిగినవాడు అతనొక్కడే. నువ్వు నాకు చెప్తావు ఆల్డెన్. ఎప్పుడైనా అడిగావా?”

“అబద్ధపు మనిషి అడిగింది నిజమనుకున్నావా?”

“నిజం కాదని తెలుసు. అయినా గురువారం కోసం ఎదురుచూసేదాన్ని. నువ్వూ సాయంత్రాల కోసం ఎదురుచూడలేదూ?”

ఉల్లిపాయలు అలాగే ఉండిపోయాయి. ఆమె పళ్లాలు సర్దుతూ, నా వైపు చూడకుండా అడిగింది. “వెళ్లి చెప్తావా?”

“చెప్తాను.”

“చట్టం కోసమా? అతని మీద కక్షతోనా?”

“కక్షతోనే,” అన్నాను. “చట్టం సంగతి తర్వాత చూసుకుంటాను.”

“నిజమే చెప్పావు,” అంది. “నేను మా అక్క దగ్గరికి బాల్టిమోర్ వెళ్తాను.”

పొద్దున్నే రాబర్టా ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. “ఈ క్షణం నుంచి ఆ బిల్లు నీది కాదు. ఆ ఫైళ్లు ముట్టుకోకు. విచారణ వాళ్లు వస్తారు. ముందు నువ్వు జరిగింది జరిగినట్టు రాసివ్వు.”

రెండు రోజులు కూర్చుని పదకొండు పేజీలు రాశాను. రాబర్టా చదివి నా బల్ల మీదికి విసిరింది.

“ఇందులో నేరం రెండు పేజీలుంది. మిగతాదంతా మొగుడి ఏడుపు. అతని జుట్టు ఏ రంగైతే ప్రభుత్వానికెందుకయ్యా? పడవ నడిపితే నేరమా? తీసెయ్.”

తీసేశాను. రెండు పేజీలు మిగిలాయి. ఆ రెండు పేజీల మీద నా సంతకం పెడుతుంటే ఇంత చిన్నదా అనిపించింది.

ఫెరెల్ మొదట్లో గట్టిగా నిలబడ్డాడు. తనది కచేరీలు పెట్టించే సంఘమన్నాడు. కాని కొరీన్ ముందుకొచ్చి తన దగ్గరున్న ఉత్తరాలన్నీ ఇచ్చేసింది. ఆమె వేదికకి రాసిపెట్టిన ఏ వ్యాసంలో ఏ మాట మార్చమన్నాడో, ఆ మాట ఏ రాయబార కార్యాలయం నుంచి వచ్చిందో అన్నీ వాటిల్లో ఉన్నాయి. ఒకప్పుడు ఆమె వార్తలెలా పేర్చేదో అలా పేర్చి, తేదీలు వేసి ఇచ్చిందట. విచారణాధికారి రాబర్టాతో అన్నాడు, ఇంత శుభ్రమైన సాక్ష్యం తను చూడలేదని.

నన్ను సాక్ష్యానికి పిలిచిన రోజు కోర్టు నడవలో అతనూ నేనూ ఎదురుపడ్డాం. అతని లాయరు నీళ్లకని వెళ్లాడు. ఇద్దరమే ఉన్నాం.

“ప్రూయిట్ గారూ,” అన్నాడు ఫెరెల్. ఆ గొంతు నిజంగానే బాగుంటుంది. “మీరు నమ్మరనుకోండి. ఆ భోజనాల దగ్గర సగంసేపు ఆవిడ మీ గురించే మాట్లాడేది. మా ఆయన ఇలా అన్నాడు, మా ఆయన ఇలా రాశాడు. నేను మాట మార్చాల్సొచ్చేది.”

“మీరు పని నేర్చుకున్నది మాట్లాడించడమే కదా,” అన్నాను.

“అవును. మాట్లాడించడం నా పనే. మీ గురించి మాట్లాడమని మాత్రం నేనడగలేదు.”

అది నిజమో, ఆఖరి పైరవీయో నాకిప్పటికీ తెలియదు. నాకు హాయిగా అనిపించాలి. అనిపించలేదు. ఆమె నా గురించి నాకు చెప్పనివి అతనికి చెప్పిందన్నమాట. మళ్లీ అతనే ఎక్కువ విన్నాడు.

డిసెంబరులో అతను తప్పు ఒప్పుకున్నాడు. శిక్ష పడింది. వేదిక మూతపడింది. తనంతట తనే సాక్ష్యం తెచ్చిచ్చింది కాబట్టి కొరీన్ మీద కేసు పెట్టలేదు. కాని పరాయి ప్రభుత్వం తరఫున పనిచేసిన మనిషిగా, ఆలస్యంగానైనా నమోదు చేసుకోవాలన్నారు. బిల్లుని ఇంకో లాయరుకి అప్పగించారు. అది ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌కి వెళ్లింది, ఇంకా అక్కడే ఉంది. నన్ను రేవులూ కాలవలూ చూసే సబ్‌కమిటీకి మార్చారు. నీటిని చూస్తే కళ్లు తిరిగే మనిషికి.

నమోదు పత్రాలు ఎవరైనా చదువుకోవచ్చు. చట్టం ఉద్దేశమే అది. జనవరిలో ఒక శనివారం నేను కొరీన్ పత్రం తెరిచాను. ఏ అధికారితో, ఏ రోజు, ఎక్కడ, ఏ విషయం మాట్లాడారు అని గళ్లుంటాయి. అధికారి పేరు దగ్గర వరసగా ఒకే పేరు: ఆల్డెన్ ప్రూయిట్. ఎక్కడ అన్న గడిలో: ఇంటి వంటగది. నలభై మూడుసార్లు. మే నెలలో ఒకటి, విషయం: నాలుగో సెక్షన్, నిర్వచనాలు. జూన్‌లో నా పుట్టినరోజు, విషయం: ఎనిమిదో సెక్షన్, జరిమానాలు. ఆ రోజు ఆమె నాకు చెర్రీపండ్ల కేకు చేసింది. ఆ కేకు సంగతి రాయడానికి గడి లేదు.

ఆ జాబితాని నేను ఎలా చదివానో చెప్తే నవ్వుతారు. అందులో ఉన్న రోజుల్ని కాదు, లేని రోజుల్ని వెతికాను. గోడ కాలెండరు దింపి, పెన్సిలుతో ఒక్కొక్క తేదీ కొట్టుకుంటూ పోయాను. మిగిలినవి నావి. అతనికి వెళ్లనివి. చాలానే మిగిలాయి, కాని వాటిల్లో ఎక్కువభాగం నేను కమిటీ గురించి మాట్లాడని రోజులు, జలుబు చేసిన రోజులు. సెప్టెంబరు దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. ఆరో సెక్షన్ చెప్పిన రోజు జాబితాలో లేదు.

బాల్టిమోర్‌కి ఫోన్ చేశాను. మూడు నెలల్లో మొదటిసారి.

“సెప్టెంబరు పద్దెనిమిది వదిలేశావు,” అన్నాను. హలో కూడా అనలేదు.

“వదల్లేదు. అతనికి చేరవేసినవే రాయాలన్నారు. అది చెప్పలేదు.”

“ఆరో సెక్షన్ కొరీన్! వాళ్లకి అన్నిటికన్నా కావలసింది అదే.”

“తెలుసు. మూడు గురువారాలు అడిగాడు. తెలియదన్నాను.”

“ఎందుకు?”

“ఎందుకేమిటి? ఆ రోజు నువ్వు ఏడ్చావు. ఆరో సెక్షన్ చెప్తే అదెలా తెలిసిందో చెప్పాలి, నువ్వెలా చెప్పావో చెప్పాలి. నాకు చెప్పబుద్ధి కాలేదు. అంతకన్నా గొప్ప కారణం ఉందని రాసుకోకు.”

నేను ఏడవలేదు ఈసారి. “భోంచేశావా?” అని అడిగాను. “మా అక్క కూర చేసింది, నోట్లో పెట్టలేం,” అంది. గంట మాట్లాడుకున్నాం. ఎక్కువసేపు ఆమే మాట్లాడింది. పత్రిక మూసేసిన రోజు బల్ల సొరుగులు ఖాళీ చేస్తుంటే ఏమనిపించిందో చెప్పింది. ఐదేళ్ల తర్వాత విన్నానది. నేను అడిగాను కాబట్టి చెప్పింది.

మార్చిలో ఆమె ఇంటికి తిరిగొచ్చింది. అంతా సర్దుకుందని చెప్పను. కొన్నాళ్లు ఇద్దరం వంటగదిలో మాట్లాడుకోలేకపోయాం, ముందు గదిలో ఒళ్లో పళ్లాలు పెట్టుకుని తినేవాళ్లం. ఆమె పేరు ఆ నమోదులో ఉంది కాబట్టి సంఘాలవాళ్లు వ్యాసాలు అడగడం మానేశారు. ఇప్పుడు అనకోస్టియాలో గ్రంథాలయంలో పెద్దవాళ్లకి రాయడం నేర్పుతుంది, వారానికి రెండు సాయంత్రాలు. నర్సులు, కాపలాదారులు, జైలు నుంచి వచ్చినవాళ్లు. తమ కథ తాము రాసుకోవాలనుకునేవాళ్లు.

పోయిన మంగళవారం వాన పడుతుంటే గొడుగు తీసుకుని నేనే వెళ్లాను. తలుపు అద్దంలోంచి చూశాను. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన, డెబ్భై ఏళ్లుంటాయి, తన కాగితం చదివి వినిపిస్తున్నాడు. కొరీన్ ఆయన బల్ల మీదికి వంగి వింటోంది. గడ్డం కింద చెయ్యి. ఆయనేదో అన్నాడు, ఆమె పెద్దగా నవ్వింది, గదంతా నవ్వింది. నాకు మళ్లీ ఈర్ష్య మొదలైంది, డెబ్భై ఏళ్ల ముసలాయన మీద. తలుపు తోసుకుని వెళ్లి, ఇక ఇంటికి పద అందామనుకున్నాను.

వెళ్లలేదు. నడవలో బెంచీ ఉంటే దాని మీద కూర్చున్నాను. క్లాసు అయిపోవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.